అద్దె ఊపిరి

పెళ్లికి గుండిగలు, గంగాళాలు, జంపఖానాలు ఎవరూ కొనరు. టెంట్ హౌస్ నుంచి తెచ్చుకుని, మర్నాడు లెక్క చూసి అప్పజెబుతారు. అందులో నామోషీ ఏమీ లేదు. సముద్రంలోకి దిగడం కొత్తగా నేర్చుకుంటున్న మన కుర్రాళ్లకు మాత్రం అద్దె అనే మాట ఎందుకో చిన్నతనంగా తోస్తున్నట్టుంది. విశాఖ రుషికొండ తీరంలో ఒక్కసారి మునిగి లేచినవాళ్లు, హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో అండమాన్ వెళ్లి నాలుగు రోజుల స్కూబా కోర్సు చేసినవాళ్లు, ఒంటి మీద ఉప్పు ఆరకముందే ఫోన్లో పరికరాల ధరలు వెతుకుతున్నారు. కోర్సులో చేరకముందే కొనేవాళ్లూ ఉన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

తెలిసిన కుర్రాడొకడు ఇలాగే సెట్టంతా కొన్నాడు. సిలిండరు, నడుముకు కట్టుకునే సీసం ముక్కలు తప్ప అన్నీ. గాలి నింపుకునే జాకెట్టు, సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటరు, వెట్‌సూటు, కాళ్లకు ఫిన్స్ కలిపి బిల్లు లక్ష దాటింది. శంషాబాద్ విమానాశ్రయంలో కాటా ఎక్కించినప్పుడు రెండో బిల్లు మొదలైంది. అతని టికెట్టు మీద ఉచితంగా అనుమతించింది 15 కిలోలు. సెట్టుతోనే అది నిండిపోయింది, బట్టలకు అదనపు రుసుము చెల్లించాడు. తీరా దీవికి చేరాక తెలిసింది, పరికరాల అద్దె కోర్సు ఫీజులోనే కలిపి ఉందని. తర్వాత రెండేళ్లలో అతను సముద్రం మొహం చూసింది ఒక్కసారే. మిగతా రోజులన్నీ సెట్టు అటక మీదే. అరువు సొమ్ములు బరువు చేటని సామెత. ఇతని విషయంలో సొంత సొమ్మే బరువైంది.

అటక మీద పెడితే ఇత్తడి బిందె చెడదు. రెగ్యులేటరు చెడుతుంది. మంచినీళ్లతో సరిగా కడగకపోతే సందుల్లో ఉప్పు గడ్డకడుతుంది, రబ్బరు రింగులు ఎండి బిరుసెక్కుతాయి. అందుకే వాడినా వాడకపోయినా ఏడాదికో రెండేళ్లకో విప్పించి సర్వీసు చేయించమంటాయి తయారీ సంస్థలు. ఆ పని తెలిసిన చెయ్యి ప్రతి ఊళ్లోనూ దొరకదు. శ్రద్ధగల డైవింగ్ షాపులో రెగ్యులేటరు సీజనంతా నీళ్లలో నానుతూనే ఉంటుంది. దానికి జబ్బు చేస్తే ఆ సాయంత్రానికే ఎవరో ఒకరు చెబుతారు. రోజూ తిరిగే బండిని నమ్మినట్టు షెడ్డులో పడుకున్న బండిని నమ్మలేం కదా.

ఆ మాటకొస్తే రెగ్యులేటరు పుట్టుకే అరువు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో పెట్రోలు కరవై కార్లను గ్యాసుతో నడిపేవారు. ఇంజనుకు కావలసినంత గ్యాసు మాత్రమే వదిలే కవాటం మీద పనిచేస్తున్న ఇంజనీరు ఎమీల్ గాన్యాన్. నౌకాదళంలో ఉన్న జాక్ కూస్తో వచ్చి, ఇలాంటిదే మనిషి ఊపిరికి పనికొస్తుందా అని అడిగాడు. 1943 నాటికి ఇద్దరూ కలిసి ఆక్వాలంగ్ తయారుచేశారు. సిలిండరులో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో కిక్కిరిసి ఉంటుంది, అంటే కారు టైరులో ఉండేదానికి దాదాపు 90 రెట్లు. దాన్ని రెండు మెట్లలో దించి, మనం ఉన్న లోతుకు తగిన ఒత్తిడితో, మనం పీల్చినప్పుడే నోటికి అందించడం రెగ్యులేటరు పని. మోటారు బండి నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన ఇప్పుడు మనిషికి సముద్రం అడుగున ఊపిరి పోస్తోంది.

మరి ఏదీ కొనొద్దా అంటే, మాస్కు కొనండి. కొన్ని వేలల్లో అయిపోతుంది. పాదం కొలత కలిస్తే ఫిన్స్ ఒకరివి ఒకరికి సరిపోతాయి, మాస్కు అలా కాదు. కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా మొహానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి లోపలికి పీల్చి, చెయ్యి వదిలేయాలి. జారకుండా అంటుకుని ఉంటే అది మీ మొహానికి పుట్టింది. జారితే, ఎంత ఖరీదైనా వేరొకరిది. మీసం బాగా పెంచినవాళ్లకు పైపెదవి దగ్గర సన్నగా నీళ్లు కారుతూనే ఉంటాయి. మీసాన్ని వదులుకోవడమా, నీళ్లను భరించడమా అన్నది వారి వారి పౌరుషాన్ని బట్టి. కళ్లజోడు ఉన్నవాళ్లకు పవర్ అద్దాలు అమర్చే మాస్కులు దొరుకుతాయి. అద్దె మాస్కుతో దిగితే చేపలన్నీ వాళ్లకు మబ్బుల్లో పక్షులే. కొత్త మాస్కు అద్దం మీద సన్నటి పొర ఉంటుంది, టూత్‌పేస్టుతో రుద్దాలి. ఆ తర్వాత ప్రతిసారీ దిగబోయే ముందు లోపల ఉమ్మి పులిమి కడిగితే ఆవిరి పట్టదు. అది చౌకైన మందు, నాగరికులు కూడా మొహమాటం లేకుండా వాడేది. ఇంకొకరు ఉమ్మిన మాస్కు వద్దనుకోవడానికి వేరే కారణం అక్కర్లేదు.

ఈత ఒంటపట్టి, నాలుగైదుసార్లు వెళ్లొచ్చాక కొనదగినది చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటరు. లోతులో ఒత్తిడికి నైట్రోజన్ ఒంట్లోకి ఇంకుతుంది. పైకి తొందరపడి వస్తే ప్రమాదం. ఎంత లోతున ఎంతసేపు ఉన్నామో, పైకి వచ్చాక ఎంతసేపు ఆగాలో ఆ చిన్న పెట్టె లెక్క కడుతుంది. ఆ లెక్క ఆ రోజు దాన్ని కట్టుకున్న మనిషిది. పొద్దున ఒకరి చేతికున్నదాన్ని మధ్యాహ్నం ఇంకొకరు కట్టుకుంటే ఒకరి జాతకం చూసి మరొకరికి ముహూర్తం పెట్టినట్టే. పలుమార్లు మునిగినవాళ్లు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదన్న నియమం కూడా ఇందుకే. ఆదివారం మధ్యాహ్నం దాకా మునిగి, సోమవారం ఆఫీసు కోసం రాత్రి విమానానికి టికెట్టు తీసుకునే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సొంత సెట్టుకు ఒక సుగుణం ఉంది. కంగారులో చెయ్యి దానంతటదే సరైన బొత్తాం మీదికి వెళుతుంది. అది చిన్న సంగతి కాదు. తీరంలోనే ఉంటూ వారం వారం దిగేవాళ్లు నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు. ఏడాదికి ఒకసారి సెలవు పెట్టి వెళ్లేవారి చేతికి మాత్రం ఆ అలవాటు సొంత సెట్టుతోనూ రాదు. వాళ్లకు అద్దే మేలు.

అయితే అద్దె గుండిగను కూడా మన పెద్దవాళ్లు ఊరికే తెచ్చుకునేవారు కాదు, లోపల కళాయి చూసేవారు. పడవ ఎక్కే ముందు మీరూ చూడండి. జాకెట్టులోకి గాలి నింపి, ఎక్కడైనా బుసమంటోందేమో చెవి ఒగ్గండి. నోట్లో పెట్టుకునే రబ్బరు చిరిగి ఉందేమో వేలితో తడమండి. సిలిండరు మూత తిప్పి, ఒత్తిడి మీటరు మీద చూపు నిలిపి, రెగ్యులేటరుతో నాలుగు గట్టి ఊపిర్లు తీయండి. గాలికి నూనె వాసన ఉండకూడదు. ముల్లు కదలకూడదు. పీల్చినప్పుడల్లా అది కిందికి పడి మళ్లీ లేస్తోందంటే, ఎక్కువసార్లు సిలిండరు మూత పూర్తిగా తిప్పలేదని అర్థం. తిప్పించండి. తిప్పినా పడుతుంటే ఆ సెట్టు పక్కన పెట్టి వేరేది అడగండి. మొహమాటపడొద్దు, అద్దె కట్టేది మీరే.