గాలి ఆగాక మొదలయ్యే ఎండ

బెరిల్ తుఫాను 2024 జూలై 8 తెల్లవారుజామున మాటగోర్డా దగ్గర తీరం దాటింది. మధ్యాహ్నానికల్లా హ్యూస్టన్‌లో గాలి తగ్గిపోయింది. మా ఇంటి కప్పు నిలిచింది, గరాజ్‌లోకి చుక్క నీరు రాలేదు. ‘‘గండం గడిచింది, అందరం బాగున్నాం’’ అని అనకాపల్లికి ఫోన్ చేసి చెప్పాను. తొందరపడి అన్నానని మూడో రోజుకు తెలిసింది.

ఆ తుఫానుకు మా ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మాకు ఐదో రోజు వచ్చింది. వారం దాటినా రానివాళ్లు ఉన్నారు. వాన వెనకే మబ్బు విడిపోయి జూలై ఎండ విరుచుకుపడింది. మేడమీద పడకగదిలో థర్మామీటర్ మొదటి రోజు 86, రెండో రోజు 91, మూడో రోజు 95 ఫారన్‌హీట్ చూపించింది. మన లెక్కలో 35 డిగ్రీలు. అప్పుడు మావయ్యగారు మా దగ్గరే ఉన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, బీపీకి మాత్రలు వాడతారు. ‘‘మేమేమన్నా ఏసీల్లో పుట్టామా అమ్మా, కంగారు పడకు’’ అంటూ అట్టముక్కతో విసురుకుంటూ కూర్చున్నారు. మూడో రోజు మధ్యాహ్నం మంచినీళ్లిస్తే గ్లాసు చేత్తో పట్టుకుని, ‘‘మన బస్సు ఎన్నింటికి?’’ అని అడిగారు. తడి తువ్వాళ్లు చుట్టి 911కి ఫోన్ చేశాం. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండి కోలుకున్నారు. ఆ వారం హ్యూస్టన్ చుట్టుపక్కల ఎండదెబ్బకు కోలుకోనివాళ్లు కూడా ఉన్నారు.

ఇంకో మూడు వారాల్లో జూన్ 1 వస్తోంది. నవంబర్ 30 దాకా అట్లాంటిక్ తుఫానుల కాలం. మన కుటుంబాల్లో చాలామంది అమ్మానాన్నలను పిలిపించుకునేది కూడా సరిగ్గా ఈ నెలల్లోనే. నీళ్ల సీసాలు, బియ్యం, బ్యాటరీలు, ఫుల్ ట్యాంకు పెట్రోలు అన్నీ గుర్తుంటాయి. ఏసీ మాత్రం గుర్తుండదు. దాన్ని సుఖం కోసం పెట్టుకున్న వస్తువుగానే చూస్తున్నాం. ఈ ఊళ్లో పెద్దవాళ్లున్న ఇంట్లో ఏసీని మందుల పెట్టెతో సమానంగా చూడాలని నా గట్టి అభిప్రాయం.

‘ఏసీ లేకుండా బతకలేదా’ అనే మాటకు జవాబు ఇళ్ల కట్టుబడిలో ఉంది. అనకాపల్లిలో మావయ్యగారి ఇంటికి ముందు అరుగు, వెనక పెరడు. వీధి తలుపు, పెరటి తలుపు ఒకే వరసలో ఉండి గాలి ఇటునుంచి అటు దూసుకుపోతుంది. రాత్రి మేడమీద పడుకోవచ్చు. హ్యూస్టన్ శివార్లలో, కేటీలోనో పియర్‌లాండ్‌లోనో మనం కొన్న ఇల్లు చెక్క చట్రంలో దూదిలాంటి ఇన్సులేషన్ కుక్కి, చల్లగాలి బయటికి పోకుండా బిగించి కట్టింది. చాలా గదులకు గాలి ఎదురెదురుగా ఆడే కిటికీలే ఉండవు. యంత్రం ఆడినంతసేపూ ఆ బిగింపు మనకు మేలు. ఆగిన మరునాడు అదే బిగింపు లోపలి వేడిని పోనివ్వదు. పైగా ఇక్కడి గాలి నిండా తేమ. చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ముసలితనంలో దాహం కూడా సరిగా తెలియదు. అలాంటప్పుడు విసనకర్ర వేడిగాలినే ముఖాన కొడుతుంది.

2017లో ఇర్మా తుఫాను వెళ్లాక ఫ్లోరిడాలోని హాలీవుడ్ పట్టణంలో ఒక వృద్ధాశ్రమంలో ఏసీకి కరెంటు పోయింది. పన్నెండు మంది పెద్దవాళ్లు చనిపోయారు. రోడ్డు దాటితే ఆసుపత్రి. ఆ మరుసటి ఏడాది ఆ రాష్ట్రం వృద్ధాశ్రమాలన్నీ చల్లదనం కోసం జనరేటర్లు, ఇంధనం ఉంచుకోవాలని చట్టం చేసింది. మన ఇళ్లకు అలాంటి చట్టమేదీ లేదు. మనమే చేసుకోవాలి.

మా ఇంట్లో జరిగిన పొరపాటు ముందు చెబుతాను. గాలి మొదలయ్యే ముందు నేను ఏసీ బ్రేకర్ ఆపలేదు. ఐదో రోజు కరెంటు వస్తూ పోతూ, వస్తూ పోతూ చివరికి నిలిచింది. వీధంతా చప్పట్లు. మా ఏసీ మాత్రం గుర్రుమని ఆగిపోయింది. కెపాసిటర్ పోయింది. అరచేతిలో పట్టే డబ్బా, యంత్రం మొత్తంలో చవకైన భాగాల్లో ఒకటి. దాన్ని మార్చే మనిషి రావడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ఊరంతా అప్పుడే పిలుస్తుంటే ఎవరు మాత్రం ఎన్ని ఇళ్లకు వెళ్లగలరు? అందుకే మెకానిక్‌ను మేలోనే పిలవండి. కెపాసిటర్‌ను మీటరు పెట్టి కొలవమనండి, ఉబ్బినా బలహీనపడినా అప్పుడే మార్పించండి. బ్రేకర్ బాక్సు దగ్గర ఇల్లంతటికీ పనిచేసే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. కొత్త కంప్రెసర్ ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ.

ఇక్కడ లోపలి యూనిట్ చాలా ఇళ్లలో అటక మీద ఉంటుంది. అది తీసిన తేమంతా సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోంచి బయటికి పోవాలి. జూన్ తేమకు ఆ గొట్టంలో పాకుడు పట్టి మూసుకుపోతుంది. అప్పుడు ఫ్లోట్ స్విచ్ ఏసీని ఆపేస్తుంది, లేదా హాలు సీలింగ్ మీద మరక పడుతుంది. నెలకోసారి గ్లాసుడు తెల్ల వెనిగర్ పోస్తే చాలు. ఫిల్టర్ కొత్తది ఒకటి అదనంగా ఉంచండి. తుఫాను తర్వాత దుమ్ము, తడి ఎక్కువ.

బయటి యూనిట్ దగ్గర కూర్చుని ఒక పావుగంట చూడండి. దాన్ని సిమెంటు దిమ్మెకు బోల్టులతో బిగించారా, ఊరికే పెట్టి వెళ్లారా? ఫ్లోరిడాలో గాలికి ఎగరకుండా కట్టడం నిబంధన. మన దగ్గర చాలా ఇళ్లలో చేత్తో ఊపితే కదులుతుంది. మీదికి వంగిన కొమ్మలు కొట్టించండి. కుండీలు, ట్రాంపొలీన్, ప్లాస్టిక్ కుర్చీలు గాలికి ఎగిరి సన్నటి అల్యూమినియం రెక్కలను చీల్చేస్తాయి, అవి లోపల పెట్టండి. హార్వీ తుఫాను వచ్చినప్పుడు, 2017 ఆగస్టులో, రిజర్వాయర్ల పక్క కాలనీల్లో బయటి యూనిట్లు మునిగి, అటక మీది యూనిట్లు పొడిగా మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి. మీ వీధి అప్పుడు మునిగిందంటే ఆ దిమ్మెను ఎత్తు చేయించండి. యూనిట్ మీది మోడల్, సీరియల్ నంబర్లు కనపడేలా ఫోటో తీసి ఫోన్లో ఉంచండి. మామూలు ఇంటి పాలసీ వరద నష్టానికి పనికిరాదు. ప్రభుత్వ వరద బీమా తీసుకున్నా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. తుఫాను పేరు టీవీలో వినిపించాక తీసుకుంటే ఇల్లు కాలాక బావి తవ్వినట్టే.

తుఫాను రేపు అనగా ఇంటిని బాగా చల్లబరచండి, 70 ఫారన్‌హీట్ దాకా దించి తలుపులు, కర్టెన్లు మూసేయండి. ఆ చల్లదనం కొన్ని గంటలు కాస్తుంది. గాలి జోరు అందుకునే ముందు థర్మోస్టాట్ ఆపండి, తర్వాత బ్రేకర్ ఆపండి. బయటి యూనిట్ మీద టార్పాలిన్ కప్పితే, మళ్లీ ఆన్ చేసే ముందు తప్పకుండా తీయాలి. కరెంటు వచ్చాక అది నిలిచిందని నమ్మకం కుదిరేదాకా ఆగండి. అరగంట ఆగితే నష్టమేం లేదు. యూనిట్ నీళ్లలో మునిగి ఉంటే, పైకి ఎండినట్టు కనిపించినా సరే, మెకానిక్ చూడకుండా స్విచ్ వెయ్యొద్దు. ఉప్పునీరైతే మరీ ప్రమాదం.

ఇంత చేసినా కరెంటు లేకపోతే పెద్ద ఏసీ ఆడదు. నాలుగైదు టన్నుల యంత్రం స్టార్టయ్యే క్షణంలో లాగే కరెంటును చిన్న జనరేటర్ మొయ్యలేదు. అందుకని ఇల్లంతా చల్లబరచాలన్న ఆశ వదిలి ఒక్క గదిని ఎంచుకోండి. కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని గది. 5,000 బీటీయూ కిటికీ ఏసీ 500 వాట్ల లోపే తీసుకుంటుంది. 2,000 వాట్ల జనరేటర్ దాన్ని, ఫ్రిజ్‌ను వంతులవారీగా నడుపుతుంది. రాత్రి ఆ గదిలో పెద్దవాళ్లు, పసిపిల్లలు పడుకోవచ్చు. పక్కింటివాళ్ల అమ్మగారికి కూడా చోటుంటుంది. జనరేటర్ మాత్రం ఇంటికి 20 అడుగుల దూరంలో, తలుపులకు కిటికీలకు ఎడంగా ఉండాలి. షట్టర్ ఎత్తి ఉన్నా గరాజ్‌లో వద్దు. 2020లో లారా తుఫాను తర్వాత లూసియానాలో, బెరిల్ తర్వాత ఇక్కడ, జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీసింది. ఆ వాయువుకు వాసన ఉండదు. పడకగది బయట బ్యాటరీతో పనిచేసే అలారం పెట్టండి.

అపార్ట్‌మెంట్లలో ఉండే విద్యార్థులకు, కొత్తగా వచ్చిన దంపతులకు జనరేటర్ పెట్టుకునే వీలుండదు. మీకు నా మాట ఒక్కటే: కరెంటున్న స్నేహితుల ఇల్లు ఏదో ముందే మాట్లాడి పెట్టుకోండి. రెండో రోజే వెళ్లండి, మొహమాటపడి నాలుగో రోజు దాకా ఆగొద్దు. సొంత ఇళ్లున్నవాళ్లం ఫోన్ కోసం చూడకుండా మనమే పిలవాలి.

విశాఖలో మా అన్నయ్య ఇది చదివి తన సంగతి అడుగుతాడు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న వాళ్ల వీధిని ఏం చేసిందో ఇద్దరికీ గుర్తుంది. సముద్రపు ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ కింది ఇనుప స్టాండు తుప్పు పడుతుంది. మూడో అంతస్తు గోడకు వేలాడే నలభై కిలోల బరువు అది, కింద జనం నడుస్తుంటారు. అన్నయ్యా, ఆ స్టాండు సెప్టెంబర్లోపు మార్పించు.

మావయ్యగారు వచ్చే నెల 9న మళ్లీ వస్తున్నారు. కింది గది కిటికీకి పట్టేలా చిన్న ఏసీ కొన్నాం. మొన్న శనివారం దాన్ని బిగించి, జనరేటర్‌ను పెరట్లో కంచె పక్కన పెట్టి, రెండు గంటలు నడిపి చూశాం. గది 74కి దిగింది. మంచం ఆ గదిలోకి మార్చాం.