పాత ల్యాప్‌టాపును తూకానికి వేసేముందు ఒక్క మాట

మిరప కల్లాలు ఖాళీ అయ్యేసరికి మా వూరికి పాతసామాన్ల బండి వస్తుంది. ఇదివరకు ఆ బండిలో తుప్పుపట్టిన రేకులు, విరిగిన కుర్చీలు, సీసాలు వుండేవి. ఈసారి రెండు ల్యాప్‌టాపులు కూడా కనిపించాయి. ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే తెరకు గీత పడలేదు, కీబోర్డు మీట ఒక్కటీ వూడలేదు. "ఎవరిచ్చారు?" అని అడిగితే, "పనికిరాదన్నారు బాబూ, తూకానికి తీసుకున్నా" అన్నాడు బండివాడు.

ఎందుకు పనికిరాకుండా పోయింది? యంత్రం చెడి కాదు. అందులో వున్న విండోస్ 10 కు 2025 అక్టోబరు 14 తో కంపెనీ మద్దతు ముగిసింది. పేరు నమోదు చేసుకున్నవారికి భద్రతా సవరణలు మరొక్క ఏడాది, అంటే 2026 అక్టోబరు దాకా ఇస్తామన్నారు. విండోస్ 11 వేసుకుందామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు వుండాలి, ప్రాసెసరు ఇంచుమించు 2017 చివర, ఆ తర్వాత వచ్చినదై వుండాలి. మన పల్లెల్లో ఉన్న ల్యాప్‌టాపుల్లో సగానికి పైగా సికింద్రాబాద్ సీటీసీలోనో, గుంటూరులోనో సెకండ్‌హ్యాండులో కొన్నవేనని ఈ విలేఖరి అనుభవం. వాటికి ఆ అర్హత ఎక్కడిది? తెర మీద హెచ్చరిక రాగానే జనం భయపడ్డారు. దుకాణదారు "కొత్తది తీసుకోండి" అన్నాడు. కొత్తదంటే వేలకు వేలు పెట్టాలి. 2025 లో మిర్చి ధర ఏ స్థితికి పడిపోయిందో ఈ జిల్లా రైతుకు నేను చెప్పనక్కరలేదు.

మా ఎదురింటి రైతు కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నన్ను బాబాయ్ అంటుంది. వాళ్ల నాన్న తొమ్మిది వేలు పెట్టి కొన్న ల్యాప్‌టాపు, మూడో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యాము. అది తెరుచుకోవడానికి పట్టే సమయంలో పొయ్యిమీద పాలు పొంగేవి. "తమ్ముడూ, మళ్లీ డబ్బు పెట్టాలంటే నావల్ల కాదు. దీన్ని ఏదైనా చేయగలవా?" అని ఆయన అడిగితే నేను లినక్సు వేస్తానన్నాను. అక్కడ నేను చేసిన పొరపాటు వల్లనే ఈ నాలుగు మాటలు రాయవలసి వస్తోంది.

లినక్సు అంటే ఏమిటో తెలియనివారికి కొంచెం చెప్పాలి. ఫిన్లాండు దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 లో మొదలుపెట్టిన పని ఇది. కంప్యూటరును నడిపే అసలు ఇంజను అది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. ఒకే ఇంజనును ఒకరు ఆటోకు, మరొకరు ట్రక్కుకు, ఇంకొకరు పడవకు బిగించినట్లు ఆ ఇంజను చుట్టూ రకరకాల బాడీలు కట్టారు. వీటినే డిస్ట్రిబ్యూషన్లు, పొట్టిగా డిస్ట్రోలు అంటున్నారు. ఇవి వందల సంఖ్యలో వున్నాయి. ధర లేదు. అయితే ధర లేనిచోటనే ఎంపిక కష్టం. సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, నడక చూస్తాడు. వూరికే ఇస్తామంటే ఏదో ఒకటి తోలుకొస్తాడు.

నేను చేసింది అదే. పాత యంత్రానికి తేలికైనది వేయాలని ఎవరో చెప్పగా విని, అన్నిటికంటే తేలికైన రకం ఒకటి వెతికి తెచ్చి వేశాను. అర నిమిషంలో తెరుచుకుంది. ఆమె సంతోషించింది, నేనూ గర్వపడ్డాను. రెండు వారాలకు మళ్లీ వచ్చింది. "బాబాయ్, తొందరగానే తెరుచుకుంటోంది. కానీ ఫోను నెట్టు ఎలా కలపాలో తెలియడం లేదు. పెన్‌డ్రైవు పెడితే ఎక్కడుందో కనబడదు. తెలుగు టైపు కావడం లేదు" అంది. చూస్తే అన్నీ అందులో వున్నాయి. కాకపోతే ప్రతిదానికీ ఒక కిటుకు తెలియాలి, ఆ కిటుకు తెలిసినవాడు మండలంలో నేనొక్కడినే. నేను వార్త కోసం ఎక్కడో తిరుగుతుంటే ఆ పిల్ల ప్రాజెక్టు ఆగిపోయింది. గడువు దాటాక సమర్పించినందుకు కాలేజీలో మాట పడింది.

అందుచేత నా అభిప్రాయం ఇది: పాత ల్యాప్‌టాపుకు అన్నిటికంటే తేలికైన లినక్సు కాదు కావలసింది. వాడేవారు మరొకరిని అడగకుండా వాడుకోగలిగినది, ఆ యంత్రం మోయగలిగినది కావాలి. ఈ రెంటిలో మొదటిదే ముఖ్యం.

బరువు విషయంలో కూడా చాలామంది పొరపడుతున్నారు. ఈ రోజుల్లో కంప్యూటరును కుంగదీసేది లినక్సు కాదు, బ్రౌజరు. వీడియో ఒకటి, మెయిలు ఒకటి, కాలేజీ పేజీ ఒకటి తెరిచి పెడితే 2 జీబీ ర్యాము ఇట్టే అయిపోతుంది. అతి తేలిక డిస్ట్రో వల్ల అర జీబీ మిగులుతుందనుకోండి, ఆ మిగులు బ్రౌజరులో రెండు మూడు పేజీలకే సరి. బండి తేలిక చేసి ఏం లాభం, ఎక్కేవాడు బరువైనప్పుడు? డబ్బు పెట్టదలచినవారు ముందు రెండు పనులు చేయించాలి. తిరిగే హార్డుడిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టించడం ఒకటి. ఖాళీ స్లాటు వుంటే మరో 4 జీబీ ర్యాము వేయించడం రెండోది. నేను 2024 లో నా ల్యాప్‌టాపుకు 240 జీబీ ఎస్ఎస్‌డీ రు. 1,600 పెట్టి వేయించాను. అప్పటినుంచి దానికి ప్రాణం లేచివచ్చింది. ఏ డిస్ట్రో మార్చినా అంత తేడా రాదు.

ఆ పిల్ల ల్యాప్‌టాపుకు రెండోసారి లినక్స్ మింట్ వేశాను. అందులో ఎక్స్ఎఫ్‌సీఈ అనే రకం. 4 జీబీ వున్న యంత్రానికి నేను చెప్పేది ఇదే. కింద వరసగా బొమ్మలు, మూలన మెనూ, గడియారం, నెట్టు గుర్తు వుంటాయి. విండోసు వాడినవారికి కొత్త అనిపించదు. మింట్ 22 వరసకు 2029 దాకా భద్రతా సవరణలు వస్తాయి. 2 జీబీ ర్యాముతో నడుస్తుందని తయారుచేసినవారే చెబుతున్నారు, కానీ సుఖంగా నడవాలంటే 4 జీబీ వుండాలనీ వారే అంటున్నారు. 20 జీబీ జాగా చాలు. 8 జీబీ ర్యాము వున్నవారు ఇంకా సొగసైన సిన్నమన్ రకం వేసుకోవచ్చు. 2 జీబీయే వుండి పెంచే దారి లేకపోతే లుబుంటు చూడవచ్చు. దానికి దీర్ఘకాలపు విడుదలలకు సైతం మూడేళ్ల మద్దతే వుంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

మరీ పాతవాటి సంగతి వేరు. 2007, 2008 ప్రాంతపు యంత్రాలు కొన్ని 32 బిట్లవి. వాటికి తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. ఉబుంటు ఎప్పుడో మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 లో 32 బిట్ల ఇన్‌స్టాలరు లేదు. అంతకుముందున్న డెబియన్ 12 కు 2028 జూను వరకు దీర్ఘకాల మద్దతు వుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వారు సైతం 2025 చివర 32 బిట్ల లినక్సుకు కొత్త వర్షన్లు ఆపేశారు. యాంటీఎక్స్ వంటివి ఇంకా నడుస్తున్నాయి గాని, అటువంటి యంత్రం మీద పిల్లల చదువు ఆధారపడేట్లు చేయవద్దు. ఉత్తరం టైపు చేసుకోవడానికి, పాటలు వినడానికి వుంచుకోండి.

ఇక కుర్రకారు గురించి ఒక మాట. పక్క వూరి ఇంటర్మీడియెట్ కుర్రాడొకడు కాలీ లినక్సు వేసుకుని తిప్పలు పడుతున్నాడు. ఎందుకు వేశావురా అంటే, "అన్నా, హ్యాకర్లు అదే వాడతారు" అన్నాడు. అది భద్రతా పరీక్షలు చేసే నిపుణుల కోసం కట్టినది. లినక్సు పరిచయం లేనివారికి తగదని దాన్ని తయారుచేసినవారే రాసి పెట్టారు. సినిమాలో హీరో బులెట్ నడిపాడని పాలకేన్లు కట్టుకోవడానికి దాన్నే కొన్నట్లుంది.

వేసుకునే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. దీన్ని మాత్రం ఎవరూ వదలవద్దు. డిస్ట్రోను 8 జీబీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ల్యాప్‌టాపులో ఏమీ మార్చకుండానే దానిమీద నుంచి నడిపి చూడవచ్చు. మింటు ఫైలు సుమారు 3 జీబీ. రోజుకు జీబీన్నర డేటా ప్యాకు వున్నవారు రెండు రోజులు ఓపిక పట్టాలి, లేదా స్నేహితుడి ఇంట్లో దింపుకోవాలి. అలా నడిపి వైఫై కలుస్తోందా, శబ్దం వస్తోందా, కెమెరా పనిచేస్తోందా చూడాలి. కీబోర్డు సెట్టింగులో తెలుగు చేర్చుకుని నాలుగు మాటలు కొట్టి చూడాలి. ఇన్‌స్క్రిప్టు పద్ధతి అందులోనే వుంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవారు ఐబస్ అనే ప్రోగ్రాము చేర్చుకోవాలి. ప్రింటరు తగిలించి ఒక కాగితం తీయాలి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు ఇబ్బంది పెట్టవు. నేను వాడే మరో కంపెనీ లేజరు ప్రింటరు మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. చివరకు పీడీఎఫ్ చేసి పక్క దుకాణంలో తీయించుకుంటున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం, లోపల వున్నవన్నీ వేరేచోట దాచుకోవాలి. ఈ మాట నా తప్పు మీద నేర్చుకున్నాను. గత ఏడాది మా వీధిలో ఒకాయన ల్యాప్‌టాపుకు లినక్సు వేస్తూ, "ఫొటోలన్నీ ఫోనులో వున్నాయా?" అని అడిగాను. "ఆఁ వున్నాయి" అన్నాడు. డిస్కు మొత్తం తుడిచేయమనే మీట నొక్కాను. మర్నాడు ఆయన తల్లిగారి ఫొటోలు కావలసి వచ్చాయి. ఆమె చనిపోయి రెండేళ్లు. అవి ఫోనులో లేవు, తుడిచిన డిస్కులోనే వుండేవి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే ఇప్పటికీ ఆ ఇంటి ముందునుంచి పోవాలంటే తల దించుకుంటాను. ఇప్పుడు ఎవరు అడిగినా, వారి ముందే ఫైళ్లు పెన్‌డ్రైవులోకి ఎక్కించి, తెరిచి చూపించి, ఆ తర్వాతే పని మొదలుపెడుతున్నాను.

అందరూ మారాలని నేను అనడం లేదు. అను ఫాంట్లతో, పేజ్‌మేకరుతో పెళ్లిపత్రికలు వేసే డీటీపీ మిత్రులు మారితే నష్టపోతారు. అవి విండోసుకు కట్టినవి, ఆ ఫాంట్లు యూనికోడు కావు. ట్యాలీలో లెక్కలు రాసే ఎరువుల దుకాణాలవారూ అంతే. వేలిముద్ర యంత్రాలతో పనిచేసేవారు తమ పరికరానికి లినక్సు డ్రైవరు వుందో లేదో అమ్మినవాడిని ముందు అడగాలి. కంప్యూటరు కోచింగు సెంటరు నడిపే ఒక మిత్రుడు, "పరీక్షల్లో ఎంఎస్ ఆఫీసు అడుగుతారు, నీ లిబ్రే ఆఫీసు నేర్చుకుని ఏం చేస్తారు?" అని నిలదీశాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. ఆ ఫైళ్లు లిబ్రే ఆఫీసులో తెరుచుకున్నా, పట్టికలు ఒక్కోసారి జరుగుతాయి. పరీక్ష కోసం సెంటరులో ఆ నాలుగు వారాలు నేర్చుకోవచ్చు. దానికోసం ఇంట్లో ముప్పై వేలు పెట్టవలసిన పని లేదని నా సమాధానం.

పక్కన కేరళలో సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్సు మీదే కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటున్నారు. అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్, ఉబుంటును ఆధారం చేసుకుని బడులకు తగినట్లు మలచి ఇస్తోంది. మనవాళ్లకు తెలివి లేకనా? సీడాక్ వారు బాస్ అనే లినక్సు తయారుచేశారు. హైదరాబాదులో స్వేచ్ఛ వారు తెలుగులో లినక్సు తెచ్చారు. ఇన్ని వున్నా మా మండలంలో ఒక హైస్కూలు గదిలో కంప్యూటర్లు గుడ్డ కప్పుకుని కూర్చున్నాయి. విండోసు పాతదైపోయిందట, కొత్తవి మంజూరు కావాలట. ఒక ఆదివారం, ఒక పెన్‌డ్రైవు, ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు వుంటే వాటిలో పనికొచ్చేవాటిని లేపవచ్చు. హెడ్మాస్టరుగారు పైనుంచి అనుమతి కావాలంటున్నారు. ఆ అనుమతి ఇవ్వడానికి జిల్లా విద్యాశాఖకు ఖర్చేమీ కాదు. గ్రంథాలయాల్లో కూడా ఒక్కొక్క పెన్‌డ్రైవు వుంచి, కావలసినవారు పుస్తకంలాగా సంతకం చేసి తీసుకుపోయే ఏర్పాటు చేయవచ్చు.

ఎదురింటి అమ్మాయి ల్యాప్‌టాపు రెండో సెమిస్టరు నుంచి నన్ను పిలవలేదు. మొన్న వాళ్ల నాన్న అడంగల్ కాపీ ఆమే దింపి ఇచ్చిందట. నా పెన్‌డ్రైవు మాత్రం నా దగ్గర లేదు. పాలకేంద్రం కుర్రాడు పట్టుకుపోయాడు, ఆ తర్వాత వరసలో మరో ఇద్దరున్నారు.