తీరపట్టణములు - టెన్నిసు కోర్టులు

టెన్నిసు ధనికుల క్రీడ యనువారికి కాలిఫోర్నియా తీరమునందలి లాంగ్ బీచి నగరమే ప్రత్యుత్తరము. అగ్నిమాపకదళ సేవకుని పుత్రికయగు బిల్లీ జీన్ కింగు ఆ నగరపు ఉచిత క్రీడాస్థలములయందే ఆట నేర్చి, 39 గ్రాండ్‌స్లాము విజయములు గడించెను. పొరుగున లాస్ ఏంజిలీసునందు పబ్లికు కోర్టులలో స్వయముగా నేర్చిన పాంచో గొంజాలెజు 1948, 1949 సంవత్సరములలో అమెరికా జాతీయ విజేత యయ్యెను.

మన విశాఖ, కాకినాడ, మచిలీపట్నములయందు మంచి కోర్టును వెదకువారు మొదట నడుగవలసిన ప్రశ్న యొక్కటే: సభ్యత్వము లేనివాడు ఇచ్చట నాడవచ్చునా? స్థలము లేదను సాకు నిలువదు. చుట్టును విడువవలసిన ఖాళీతో గూడ నొక కోర్టునకు 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు, అనగా 17 సెంట్ల లోపు నేల చాలును. ఉత్తర దక్షిణములుగా వేసినచో ఉదయ సాయంకాలముల యెండ కన్నులకు సూటిగా గొట్టదు. సముద్రపు గాలికి సరుగుడు వరుస అడ్డు నిలుచును. కాని ఉప్పుగాలి ఇనుప స్తంభములను, కంచెను దినదినము తినివేయును. కట్టించుట యొక యెత్తు, కాపాడుట యొక యెత్తు. ప్రారంభోత్సవపు శిలాఫలకముతో బాధ్యత తీరదు. మరమ్మతులకై ఏటేట కొంత సొమ్ము ప్రత్యేకింపవలెను.

భూవసతి గల పెద్దలు నేల నొసగుదురు గాక, పురపాలక సంఘములు పోషించును గాక. ఆ కోర్టు తలుపు మాత్రము పేదబిడ్డకు తెరచియుండవలెనని మేము కోరుచున్నాము.