స్నేహితుని పేరుకు పదేళ్లు ఆగాలా?

కేరమ్స్ ఆడేవారికి స్నూకర్ సులువుగానే బోధపడుతుంది. పెద్ద బల్ల మీద పొడుగాటి కర్రతో రంగు బంతులను అంచుల్లోని సంచుల్లోకి కొట్టాలి. తెల్లదొరల సైన్యం 1875లో మన జబల్‌పూర్‌లోనే మొదలుపెట్టిన ఆట ఇది.

ఇంగ్లండులోని లీడ్స్ కుర్రవాడు పాల్ హంటర్, వేల్స్‌కు చెందిన మాథ్యూ స్టీవెన్స్ బల్ల దగ్గర ప్రత్యర్థులు, బయట ప్రాణస్నేహితులు. 2004 ప్రపంచ పోటీల్లో హంటర్‌ను ఒక్క ఆట తేడాతో ఇంటికి పంపినవాడు స్టీవెన్సే. 2006 అక్టోబరు 9న, 28 ఏళ్లు నిండడానికి అయిదు రోజుల ముందు, హంటర్ కాన్సర్‌తో కన్నుమూశాడు. శవపేటిక మోసినవారిలో స్టీవెన్స్ ఒకడు.

హంటర్ మూడుసార్లు గెలిచిన మాస్టర్స్ పోటీ కప్పుకు అతని పేరు పెట్టింది 2016లో. జర్మనీలో ఫ్యూర్త్ పట్టణం వారు తమ పోటీకి 2007లోనే పెట్టారు! సొంతవారికి పదేళ్లు పట్టడమేమిటి? మన ఊళ్లలోనూ పోయిన కబడ్డీ, వాలీబాల్ ఆటగాళ్ల స్మారకార్థం పోటీలు జరుగుతుంటాయి. పెట్టేదేదో అతనితో ఆడినవారు బరిలో ఉండగానే పెట్టాలి. తర్వాత పెడితే పేరు బోర్డు మీద ఉంటుంది గాని, అతనెలా ఆడేవాడో చెప్పేవారుండరు.

ఆలస్యమైనా ఒక ముచ్చట జరిగింది. 2004 మాస్టర్స్ ఫైనల్లో 7-2 ఆధిక్యంలో ఉండి కూడా హంటర్ చేతిలో 10-9తో ఓడిన రోనీ ఓసల్లివన్, 2017లో ఆ పేరుతో ఇచ్చిన మొట్టమొదటి కప్పును అందుకున్నాడు.