పాలు పొంగితే తప్పెవరిది?

వెనక పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ముందు పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి. పరుగెత్తుకొచ్చి నాబ్ తిప్పారు. ఆరింది పప్పు కింద మంట! పాలేమో స్టవ్ నిండా పారాయి. "ధ్యాస ఎక్కడ పెట్టుకున్నావ్?" అని ముందు గదిలోంచి ఓ కేక. మనం కూడా "అవును, ఈమధ్య మరీ పరధ్యానం ఎక్కువైంది నాకు" అని గొణుక్కుంటూ మసిగుడ్డ అందుకుంటాం.

నిజంగా అది పరధ్యానమేనా?

రెండు పొయ్యిల స్టవ్ మీద ఈ పొరపాటు జరగటం అరుదు. ఎడమ నాబ్ ఎడమదానికి, కుడి నాబ్ కుడిదానికి. ఆలోచించాల్సిన పనే లేదు. ముచ్చటపడి నాలుగు పొయ్యిలది కొన్నాకే తంటా. పొయ్యిలు ముందు రెండు, వెనక రెండు. నాబ్‌లు మాత్రం కింద ఒకే వరసలో నాలుగు. ఎడమవైపు మొదటిది ముందుదానికా, వెనకదానికా? చెయ్యి వేసేముందు బుర్ర ఓ క్షణం లెక్క వేసుకోవాలి. పాలు పొంగేటప్పుడు ఆ క్షణం ఎక్కణ్ణించి తెస్తాం?

ఆల్ఫోన్స్ చాపానిస్, లిండెన్‌బామ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు సరిగ్గా ఈ సంగతినే పరీక్షించి, 1959లో ప్రకటించారు. నాలుగు పొయ్యిలూ నాలుగు నాబ్‌లూ నాలుగు రకాలుగా అమర్చి జనం చేత తిప్పించి చూశారు. ముందు పొయ్యిలకూ వెనక పొయ్యిలకూ మధ్య కాస్త ఎడం జరిపి, ఎడమ నుంచి కుడికి నాబ్‌ల వరసలోనే కనబడేలా పెట్టిన స్టవ్ మీద ఒక్కరూ తప్పు తిప్పలేదు. మిగతా మూడింటి మీదా తప్పులు దొర్లాయి.

ఆడవాళ్ల మతిమరుపు అని నవ్వేవాళ్లకు ఇంకో ముచ్చట చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా పైలట్లు విమానం నేలకు దించాక, రెక్కల ఫ్లాపులు ముడిచే మీట అనుకుని చక్రాలు ముడిచే మీట లాగేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. ఎంతో శిక్షణ పొందిన మగవాళ్లే మరి! రెండు మీటలూ ఒకేలా, పక్కపక్కనే ఉండటమే దీనికి కారణమని గుర్తించినవాడు కూడా ఈ చాపానిసే. చక్రాల మీటకు చక్రం ఆకారంలో పిడి పెడితే చేతికే తేడా తెలిసింది. పైలట్లను తిట్టి లాభం లేదని వాళ్లకు అర్థమైంది. మన ఇళ్లలో అర్థం కావటానికి ఇంకెంతకాలం పడుతుందో!

వస్తువు అమరిక సరిగా లేకపోయినా మనిషి తన్నుతానే నిందించుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్త డోనాల్డ్ నార్మన్ 1988లో ఓ పుస్తకమే రాశారు. నెట్టాలో లాగాలో తెలియని తలుపు దగ్గర తడబడిన ప్రతివారికీ ఆయన మాట బోధపడుతుంది. ఏటీఎంనే చూడండి. డబ్బు ముందు ఇచ్చి కార్డు తర్వాత ఇస్తే, డబ్బు చేతిలో పడగానే పనైపోయిందనుకుని కార్డు వదిలేసి వెళ్లిపోతాం. అందుకే చాలా యంత్రాలు కార్డు తీసుకున్నాకే డబ్బు ఇచ్చేలా మార్చారు. మన మతిమరుపు అలాగే ఉంది, కార్డు మాత్రం పోవటం లేదు.

ఈసారి స్టవ్ కొనటానికి వెళ్తే అద్దంలా మెరిసే పైభాగం చూసి మురిసిపోకండి. "వెనక కుడి పొయ్యి" అనుకుని చటుక్కున చెయ్యి వెయ్యండి. తడబడితే ఇంకోటి చూపించమనండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, రోజూ వండేది మనం.

ఇంట్లో స్విచ్‌బోర్డు సంగతి సరేసరి. వరసగా ఎనిమిది స్విచ్‌లు, ఫాన్ కోసం నొక్కితే బయట లైటు వెలుగుతుంది. నాకు తెలిసిన ఓ పెద్దావిడ ఫాన్ స్విచ్ మీద ఎర్రటి బొట్టుబిళ్ల అంటించారు. ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు కూడా ఇప్పుడు తడుముకోకుండా దాన్నే నొక్కుతున్నారు.