రిటర్న్ ఎవరు వేసినా తాళంచెవి మీ దగ్గరే ఉండాలి

వానలు మొదలయ్యాయంటే ఫిలింనగర్‌లోనూ కృష్ణానగర్‌లోనూ ఏటా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ‘మంచి ఆడిటర్ ఎవరైనా ఉన్నారా అన్నా? ఐటీ రిటర్న్స్ వేయించాలి.’ అడిగేది స్టార్లు కాదు. వాళ్ల లెక్కలు చూసే మనుషులు వాళ్లకు ఎప్పుడూ ఉంటారు. అడిగేది అసిస్టెంట్ డైరెక్టర్లు, ఎడిటర్లు, డైలాగ్ రైటర్లు, మేకప్ వాళ్లు, లైట్లు అద్దెకిచ్చేవాళ్లు. వీళ్లకు నెల జీతం లేదు, పేస్లిప్ లేదు, ఉద్యోగుల చేతికొచ్చే ఫామ్ 16 లేదు. ఉన్నదల్లా రెండు మూడు బ్యానర్ల నుంచి విడతలు విడతలుగా వచ్చిన డబ్బు, ప్రతి విడతలోనూ ముందే కోసేసిన టీడీఎస్.

డబ్బిచ్చి వేయించుకోవాలా, సొంతంగా వేసుకోవాలా? ఈ ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను. మన పరిశ్రమలో చాలామంది తమ రిటర్న్ తామే వేసుకోగలరు, వేసుకోవాలి. కొంతమందికి మాత్రం చార్టర్డ్ అకౌంటెంట్ తప్పనిసరి, వాళ్లు ఫీజు దగ్గర వెనకాడకూడదు. ఈ రెండు వర్గాల్లో ఎవరైనా సరే, పోర్టల్ పాస్‌వర్డ్, అందులో నమోదైన ఫోన్ నంబరు, ఈమెయిల్ తమవే అయి ఉండాలి. నష్టపోతున్నవాళ్లలో ఎక్కువమంది ఆ చివరి విషయంలోనే నష్టపోతున్నారు.

ముందు లెక్క చూద్దాం. భయం సగం పోయేది అక్కడే.

ఆదాయపు పన్ను నిబంధనల్లో ‘ఫిల్మ్ ఆర్టిస్ట్’ అంటే నటులు మాత్రమే కాదు. కెమెరామెన్, దర్శకుడు, సంగీత దర్శకుడు, ఆర్ట్ డైరెక్టర్, డాన్స్ డైరెక్టర్, ఈ నాలుగు శాఖల్లో దర్శకుల కింద పనిచేసే అసిస్టెంట్లు, ఎడిటర్, గాయకుడు, పాటల రచయిత, కథ, స్క్రీన్‌ప్లే, డైలాగ్ రచయితలు, డ్రెస్ డిజైనర్ అందరూ ఆ జాబితాలో ఉన్నారు. వీళ్లకు ఒక నిర్మాణ సంస్థ ఏడాదిలో ఇచ్చే మొత్తం 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి. 2025 ఏప్రిల్‌కు ముందు ఆ పరిమితి 30 వేలే. అదే చట్టం వీళ్లకు 44ఏడీఏ అనే వెసులుబాటు కూడా ఇచ్చింది. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉంటే, నగదు రూపంలో తీసుకున్నది 5 శాతం మించకపోతే 75 లక్షల వరకూ, రాబడిలో కనీసం సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు. మిగతా సగం ఖర్చుల కింద పోయినట్టే. ఖర్చులకు బిల్లులు చూపే పని లేదు, ఆడిట్ అక్కర్లేదు.

ఒక ఎడిటర్‌కు 2025–26లో 14 లక్షలు వచ్చాయనుకోండి. సంస్థలు కోసిన టీడీఎస్ లక్షా 40 వేలు. 44ఏడీఏ ప్రకారం ఆయన ఆదాయం 7 లక్షలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కాబట్టి కట్టాల్సిన పన్ను సున్నా. ఆ లక్షా 40 వేలూ ఆయన డబ్బే, వెనక్కి రావాల్సిందే. బ్యాంకు వడ్డీ, ఇంటద్దె లాంటివి ఉంటే కలుపుకోవాలి. ఇంకే ఆదాయమూ లేకపోతే 24 లక్షల రాబడి దాకా ఇదే ఫలితం. ఏడాదికి 6 లక్షలొచ్చే అసిస్టెంట్ డైరెక్టర్‌కైతే 60 వేలు వెనక్కి రావాలి. టీడీఎస్ 25 వేలు దాటితే ఆదాయం ఎంత తక్కువైనా రిటర్న్ వేయడం తప్పనిసరి అన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

ఈ కోవలోకి వచ్చేవాళ్లకు పని ఐటీఆర్–4తో అయిపోతుంది. ప్రభుత్వ పోర్టల్‌లో రిటర్న్ వేయడానికి రుసుము లేదు, ఆడిటర్ సంతకం అక్కర్లేదు. ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు. ముందు ఫామ్ 26ఏఎస్, ఏఐఎస్ రెండూ తెరవండి. ఏ సంస్థ మీ పేరిట ఎంత చూపింది, ఎంత కోసి కట్టింది అన్నది వరసల వారీగా కనిపిస్తుంది. సినిమా పోస్టర్ మీద ఉన్న బ్యానర్ పేరు అక్కడ కనిపించకపోవచ్చు. అదే నిర్మాత నడిపే మరో ఎల్ఎల్‌పీ పేరు ఉంటుంది, కంగారు పడొద్దు. మీ బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని ప్రతి వరసా టిక్కు పెట్టుకోండి. మొత్తం రాబడి, అందులో సగం, కట్ అయిన టీడీఎస్, రీఫండ్ రావాల్సిన బ్యాంకు ఖాతా, ఇంతే. చివర్లో ఆధార్ ఓటీపీతో 30 రోజుల్లోగా ఈ–వెరిఫై చేయాలి. అది మరిచిపోతే వేసిన రిటర్న్ చెల్లదు.

ఇక ఎవరు ఆడిటర్ దగ్గరికి వెళ్లాలి? రాబడి 20 లక్షలు దాటి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరమైనవాళ్లు. నిజంగానే ఖర్చులు సగానికి మించిపోయి, ఆదాయం సగం కన్నా తక్కువ చూపాల్సినవాళ్లు. వాళ్లకు సాధారణంగా ఖాతా పుస్తకాలూ ఆడిటూ తప్పవు. స్థలం అమ్మినవాళ్లు. విదేశీ షోల నుంచి డబ్బు వచ్చినవాళ్లు. స్నేహితులతో కలిసి ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి అందులో డైరెక్టర్‌గా పేరున్నవాళ్లు. వీళ్లలో జీఎస్టీ అవసరమైనవాళ్లను మినహాయిస్తే మిగతావాళ్లకు ఐటీఆర్–4 కుదరదు. నోటీసు వచ్చినవాళ్లు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు.

ఈ జాబితాలో ఇంకొందరిని కూడా చేర్చాలి. పైన చెప్పిన ఫిల్మ్ ఆర్టిస్టుల పట్టికను మళ్లీ చదవండి. మేకప్ ఆర్టిస్ట్ పేరు అందులో లేదు. ఫైట్ మాస్టర్ లేడు, డబ్బింగ్ ఆర్టిస్ట్ లేరు, సౌండ్ ఇంజినీర్ లేడు. 24 క్రాఫ్ట్స్ అని మనం ఎంతో గర్వంగా చెప్పుకునే వాటిలో చాలా వాటికి ఆ పట్టికలో చోటు దక్కలేదు. లైట్లు, కెమెరాలు అద్దెకిచ్చేవాళ్లది వ్యాపారం కిందికి వస్తుంది, వాళ్లకు 44ఏడీ అనే వేరే సెక్షన్, వేరే శాతాలు. తమ పని ఏ గడిలో పడుతుందో తేల్చుకోవడానికి వీళ్లు ఒక్కసారైనా మంచి సీఏకి ఫీజు కట్టి అడగాలి. ఆ తేల్చి చెప్పడమే సీఏ అసలు పని. దానికిచ్చే ఫీజు వృథా కాదు.

కృష్ణానగర్ గల్లీల్లో జరుగుతున్నది మాత్రం వేరు. ‘రీఫండ్ ఎంత కావాలో చెప్పండి, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి’ అనే మధ్యవర్తులు అక్కడ తిరుగుతుంటారు. కోపంతోనే చెబుతున్నాను, వీళ్లను గడప తొక్కనివ్వకండి.

ఆ మధ్య ఫిలిం చాంబర్ దగ్గర టీ తాగుతుంటే ఒక కుర్ర డైలాగ్ రైటర్ తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. ‘అన్నా, పాస్‌వర్డ్ గుర్తులేదు. ఓటీపీ పంపిస్తున్నా అంటోంది, ఏ నంబరుకో చూడు.’ తెర మీద చుక్కల తర్వాత మిగిలిన అంకెలు అతనివి కావు. ‘రిటర్న్ వేసినాయన నంబరేమో’ అన్నాడు. ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చి లోపలికి వెళ్లాం. ప్రొఫైల్‌లో ఉన్న ఈమెయిల్ అతను జన్మలో చూడనిది. 2023–24 రిటర్న్ తెరిస్తే, రాబడి మొత్తం 9 లక్షలనూ ఆదాయంగా చూపించి, దాన్ని 5 లక్షలకు దించడానికి పాత విధానంలో మినహాయింపులు పేర్చారు. అందులో ఒక రాజకీయ పార్టీకి పెద్ద మొత్తంలో చందా. ‘నేను ఏ పార్టీ ఆఫీసు మెట్లూ ఎక్కలేదన్నా’ అన్నాడు. కింద ఒక నోటీసు, దానికి జవాబివ్వాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ నోటీసు తనకు తెలియని ఈమెయిల్‌కు వెళ్లి అక్కడే ఉండిపోయింది. రీఫండ్‌లో వాటా మాత్రం మధ్యవర్తి చేతికి ఎప్పుడో వెళ్లిపోయింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది అసలు లెక్క. 44ఏడీఏలో వేసి ఉంటే ఆ కుర్రాడి ఆదాయం 4.5 లక్షలు, పన్ను సున్నా. కట్ అయిన టీడీఎస్ పైసాతో సహా న్యాయంగానే వచ్చేది. నిజం చెబితే వచ్చే డబ్బు కోసం అతని పేరుతో అబద్ధం చెప్పారు. ఆ అబద్ధానికి జవాబుదారీ మాత్రం అతనే. ఆదాయాన్ని తప్పుగా చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం దాకా జరిమానా ఉంది. నోటీసు మీద ఉండేది మధ్యవర్తి పేరు కాదు.

ఇది ఒక్క కుర్రాడి కథ కాదు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా ఇలాంటి తప్పుడు మినహాయింపుల మీద తనిఖీలు మొదలుపెట్టింది. కమీషన్ మీద రిటర్న్‌లు వేసే ముఠాలు తాత్కాలిక ఈమెయిల్ ఐడీలు సృష్టించి, మూకుమ్మడిగా రిటర్న్‌లు వేసి, వాటిని వదిలేస్తున్నాయని, దాంతో శాఖ పంపే నోటీసులు ఎవరూ చదవకుండా ఉండిపోతున్నాయని శాఖే ప్రకటించింది. అంతకుముందు నాలుగు నెలల్లో సుమారు 40 వేల మంది తమంతట తామే రిటర్న్‌లు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. ఇలాంటి పొరపాటు మీ రిటర్న్‌లో ఉంటే ఆగకండి. అప్‌డేటెడ్ రిటర్న్ వేసే అవకాశం ఇప్పుడు 48 నెలల దాకా ఉంది, ఆలస్యమైనకొద్దీ అదనపు పన్ను పెరుగుతుంది. నోటీసు కూడా వచ్చి ఉంటే ముందు సీఏను కలవండి.

పన్నంటే మన పరిశ్రమలో ఉన్న భయం ఇవాళ్టిది కాదు. 1973–74లో పై శ్లాబు మీద సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం పన్ను ఉండేది. సావిత్రి గారు పన్ను బకాయిల్లో చిక్కుకుని ఎంత నలిగిపోయారో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 2018లో ‘మహానటి’ ఆ ఘట్టాన్ని కొత్త తరానికీ చూపించింది. నగదులో తీసుకోవడం, ఓచర్ మీద అడిగినచోట సంతకం పెట్టడం, లెక్క ఇంకొకరికి వదిలేయడం ఆ రోజుల నుంచి మనకు అలవాటుగా వచ్చాయి. ఆ పన్ను రేట్లు పోయి దశాబ్దాలైంది. అలవాట్లు మాత్రం పోలేదు. నిర్మాతలు ఎవరికి 50 వేలు దాటి ఇచ్చారో శాఖకు విడిగా (పాత చట్టంలో ఫామ్ 52ఏ) చెప్పాల్సిందే. అంటే మీ రాబడి వాళ్ల కంప్యూటర్‌లో ఇప్పటికే ఉంది. దాచడం వల్ల కలిసొచ్చేదేమీ లేదు. సినీ కార్మికుల చిత్రపురి కాలనీలో ఫ్లాటుకు లోన్ కావాలన్నా, పిల్లల చదువుకు అప్పు కావాలన్నా పేస్లిప్ లేని మనిషికి ఆ రిటర్నులే ఆధారం.

నిర్మాతల వైపు కూడా ఒక తప్పు జరుగుతోంది. టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టని సంస్థలు ఉన్నాయి. అప్పుడు 26ఏఎస్‌లో ఆ వరసే కనిపించదు. కోసిన పన్నును మళ్లీ ఆర్టిస్టు దగ్గర వసూలు చేయకూడదని చట్టం చెబుతోంది. కానీ కోసినట్టు రుజువు చూపాల్సింది మీరే. అందుకే ప్రతి మూడు నెలలకూ టీడీఎస్ సర్టిఫికెట్ (పాత చట్టంలో ఫామ్ 16ఏ) అడిగి తీసుకోండి. ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర మొహమాటపడకండి. అది ఇవ్వడం వాళ్ల బాధ్యత.

చివరిగా యూనియన్ పెద్దలకు ఒక విన్నపం. 2025 ఆగస్టులో సినీ కార్మికుల ఫెడరేషన్ వేతనాల్లో 30 శాతం పెంపు అడిగి, షూటింగులు ఆపి, మూడేళ్లలో 22.5 శాతం దాకా సాధించింది. ఆ పోరాటం విలువ నాకు తెలుసు. అదే సమయంలో మన టెక్నీషియన్ల రాబడిలో 10 శాతం టీడీఎస్‌గా వెళ్లి, కొందరికి తిరిగి రాకుండా, మరికొందరికి మధ్యవర్తుల వాటా పోగా వస్తోంది. దానికోసం సమ్మె అక్కర్లేదు. జూన్, జులై నెలల్లో యూనియన్ ఆఫీసుల్లో ఆదివారాలు ఒక గది, రెండు కంప్యూటర్లు, ఇద్దరు సీఏ విద్యార్థులు, పైన ఒక సీనియర్ సీఏ ఉంటే సరిపోతుంది. సభ్యుడు తన ఫోన్‌తో వచ్చి, తన చేత్తో తన రిటర్న్ వేసుకుని వెళ్లాలి. గడి తేలనివాళ్లకు సీఏ అక్కడికక్కడే దారి చెప్పాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. 2025–26 రిటర్న్ వరకు పాత చట్టమే వర్తిస్తుంది. వచ్చే ఏడాది అందరూ కొత్త నంబర్లతో తికమకపడే లోపు ఈ ఏడాదే ఆ గదులు తెరవండి.

అప్పటిదాకా ప్రతి ఒక్కరూ ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. పోర్టల్ తెరిచి, ప్రొఫైల్‌లో ఉన్న ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవేనా అని చూసుకోండి. కాకపోతే ముందు అవి మార్చండి. ఆడిటర్ కావాలా వద్దా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.