మైకులో చెప్పని విధులు

జనవరి ఇరవై ఆరున మా కాలనీ జెండా వందనంలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని, "అందరూ హక్కులంటారే గానీ విధుల ఊసెత్తరు" అని గట్టిగా కేకలేశారు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఇంటికొచ్చేసరికి అంట్ల దగ్గర మా పనిమనిషి లేదు, పదేళ్ల కూతురుంది. అమ్మకి జ్వరమట. నిజం చెప్పొద్దూ, గిన్నెలు తెమిలిపోతాయి కదా అని ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు బడి ఉన్నా ఆ పిల్లే వచ్చింది. మూడోరోజూ అంతే.

ఆ సాయంత్రం మావాడి సాంఘికశాస్త్రం పుస్తకం తిరగేశాను. హక్కులు 1950 నుంచీ రాజ్యాంగంలో ఉన్నాయి. విధులు మాత్రం 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, స్వరణ్‌సింగ్ కమిటీ సిఫార్సు మీద 42వ సవరణతో వచ్చాయి. జనం హక్కులు అటకెక్కిన రోజుల్లో విధులు కిందికి దిగాయన్నమాట! అందుకే ఎవరైనా విధుల గురించి మరీ గొంతు పెంచితే నాకు కాస్త అనుమానం. హక్కుకి భంగం కలిగితే కోర్టుకెళ్లొచ్చు. విధి చేయలేదని మాత్రం, దానికి వేరే చట్టం ఉంటే తప్ప శిక్ష వేయలేరు. మతవిశ్వాసం వల్ల జాతీయగీతం పాడలేదని కేరళలో ముగ్గురు పిల్లల్ని బడినుంచి తీసేస్తే, వాళ్లు మర్యాదగా లేచి నిలబడ్డారు కదా, తీసెయ్యడం తప్పన్నది సుప్రీంకోర్టు 1986లో.

స్త్రీల గౌరవాన్ని తగ్గించే ఆచారాలు మానుకోవాలన్నదీ ఆ విధుల్లో ఉంది. ఆ ముక్క ఏ పెద్దాయనా మైకులో చెప్పగా నేను వినలేదు.

మొదట పదే విధులు. పదకొండోది 2002లో 86వ సవరణతో చేరింది. ఆరు నుంచి పధ్నాలుగేళ్ల పిల్లలకి చదువుకునే వీలు కల్పించడం తల్లిదండ్రుల విధి. అదే సవరణ ఆ చదువుని పిల్లల హక్కు కూడా చేసింది. దాన్ని అమలు చేసే చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది. తల్లికి విధి, పిల్లకి హక్కు, ప్రభుత్వానికి బరువు. మధ్యలో నాలాంటి ఇల్లాలి సంగతేమిటి? పధ్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇంటిపనిలో పెట్టుకోకూడదని 2006లోనే నిషేధించారు.

"బడి మానేసి ఎందుకొచ్చావే?" అనడిగాను నాలుగోరోజు.

"నాగా పెడితే జీతం కోస్తారంట కదండీ."

కోసేది నేనే. పిల్లని బడికి పంపేసి, తగ్గేదాకా రావద్దనీ, డబ్బులు కోయననీ వాళ్లమ్మకి కబురు పెట్టాను. "నెలకెన్ని నాగాలకి?" అన్నారు మావారు. నాలుగన్నాను. పక్కింటావిడ నాతో మాట్లాడ్డం మానేసింది. వాళ్లింట్లోనూ ఈ మనిషే చేస్తుంది మరి.